మన ఇంటి పొగ లెక్క – మస్జిద్ చేయగల సాయం



ఈ సంచికలో ప్రతి ఏటా పిల్లల ఫీజులు, రంజాన్ రేషన్, వితంతువుల పింఛన్లు, వైద్య సాయం గురించి చదువుతున్నాం. ఈసారి వాటితో ముడిపడిన మరో విషయాన్ని దాతల ముందు పెడుతున్నాం. మాడుగులపల్లి మొదలుకొని మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట దాకా మే నెల ఎండ ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 45 డిగ్రీలు దాటిన రోజున స్లాబు ఇంట్లో ఉన్నవారు ఏసీ వేసుకుంటారు. రేకుల ఇంట్లో ఉన్న కుటుంబం వేపచెట్టు నీడ వెతుక్కుంటుంది. భూమి వేడెక్కడంలో పేదవాడి వాటా తక్కువ, బాధ మాత్రం ఎక్కువ. అందుకే ఇది దానధర్మాలు చేసేవారు పట్టించుకోవలసిన విషయం.

లెక్క ఎలా వేయాలి?

మనం వాడే కరెంటు, గ్యాసు, పెట్రోలు, తిండి వల్ల గాలిలోకి వెళ్లే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువుల మొత్తాన్ని కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఇంటి పొగ లెక్క. దీనికి పెద్ద చదువులు అక్కరలేదు, నాలుగు అంకెలు గుర్తుంటే చాలు.

కరెంటు ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. మన దేశంలో కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తుంది. మన పక్కనే దామరచర్ల మండలం వీర్లపాలెంలో 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లతో కట్టిన యాదాద్రి విద్యుత్ కేంద్రం కూడా బొగ్గుతో నడిచేదే. లీటరు పెట్రోలుకు సుమారు 2.3 కిలోలు. 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్‌కు సుమారు 42 కిలోలు. 14 కిలోల గ్యాసు 42 కిలోలు ఎలా అయిందని పిల్లలు తరగతిలో అడుగుతుంటారు. గ్యాసు మండేటప్పుడు అందులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది కాబట్టి బరువు పెరుగుతుంది. ఇక నాలుగో అంకె చెట్టుది. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చుకునేది సుమారు 20 కిలోలే. అంటే ఒక్క సిలిండర్ పొగను పీల్చాలంటే రెండు పెద్ద చెట్లకు ఏడాది పడుతుంది. మొక్కలు నాటడం పుణ్యకార్యమే, కానీ వాడకం తగ్గించకుండా మొక్కతో సరిపెట్టుకోలేం.

ఇప్పుడు రెండు ఇళ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ లాగుతుందనుకుంటే, రాత్రికి 8 గంటల చొప్పున నెలకు 360 యూనిట్లు, అంటే సుమారు 250 కిలోల పొగ. రేకుల ఇంట్లో 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగినా నెలకు 34 యూనిట్లు, 24 కిలోలు మించదు. కాబట్టి తగ్గించే పని ఎక్కువ వాడే ఇళ్ల నుంచే, అంటే దాతలమైన మన ఇళ్ల నుంచే మొదలుకావాలి. పేదవారికి "తక్కువ వాడండి" అని ఉపదేశం చేయడం న్యాయం కాదు. వారికి చల్లదనం పెంచి, ఖర్చు తగ్గించే సాయం కావాలి.

దీన్‌లో దీని స్థానం

ఇది బయటి నుంచి తెచ్చి అంటించిన మాట కాదు. దివ్య ఖుర్ఆన్ మనిషిని భూమిపై ఖలీఫాగా పేర్కొంది. తినడం, తాగడంలో హద్దు మీరవద్దని (7:31), తూకాన్ని చెడగొట్టవద్దని (55:8) హెచ్చరించింది. దైవప్రవక్త (స) సుమారు ఒక ముద్, అంటే లీటరు కూడా నిండని నీటితో వుజూ చేసేవారని సహీహ్ బుఖారీలో ఉంది. నేడు వుజూఖానాలో కుళాయి పూర్తిగా తిప్పి ఒక్కరు వుజూ ముగించేలోపు ఎన్ని లీటర్లు పోతున్నాయో ఒకసారి బకెట్ పెట్టి చూడండి. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నలిగిపోయిన జిల్లా మనది. మంచినీటి విలువ మనకన్నా ఎవరికి తెలుసు? పైగా ఆ నీటిని ట్యాంకులోకి ఎక్కించే మోటారు నడిచేది కరెంటుతోనే.

ఇతర చోట్ల ఏం చేశారు?

2015 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో వివిధ దేశాల ఉలమా, మేధావులు సమావేశమై వాతావరణ మార్పుపై ఇస్లామీ ప్రకటన విడుదల చేశారు. మొరాకో ప్రభుత్వం వందల మస్జిద్‌లలో ఎల్ఈడీ దీపాలు, సౌర విద్యుత్ పెట్టే కార్యక్రమం చేపట్టింది. జకార్తాలోని ఇస్తిఖ్‌లాల్ మస్జిద్ పైకప్పు మీద 500కు పైగా సోలార్ పలకలు ఉన్నాయి. అక్కడ వుజూ నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుతున్నారు. 2022లో దానికి హరిత భవన ధ్రువపత్రం వచ్చింది. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో బాహూ ట్రస్ట్ ఇమాములు జుమా ప్రసంగాల్లోనే పర్యావరణం గురించి చెబుతున్నారు. మన కేరళలో చాలా మస్జిద్‌లు ఇఫ్తార్‌లలో ప్లాస్టిక్ గ్లాసులు మాని స్టీలు గ్లాసులకు మారాయి.

వీటన్నిటిలో గమనించాల్సింది ఒకటే. మస్జిద్‌లో కళ్లారా చూసిన పద్ధతి ఇంటికి వెళుతుంది. వారానికోసారి అందరూ వచ్చి నిశ్శబ్దంగా వినే చోటు మనకు మరొకటి లేదు.

మన దగ్గర ఏం చేయవచ్చు?

మొదటిది, ఫ్యాన్లు. 75 వాట్ల పాత ఫ్యాను స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ధర సుమారు 3,000 రూపాయలు. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హుల ఇళ్లకు బిల్లు సున్నా కదా, మిగిలితే ఏమిటి అని అడగవచ్చు. నెలలో 200 దాటితే బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ పెట్టిన ఇల్లు ఆ గీత దాటేది కొద్ది యూనిట్లతోనే. రెండు ఫ్యాన్లు మారిస్తే మిగిలే 40 యూనిట్లు ఆ కుటుంబాన్ని గీతకు ఇవతలే ఉంచగలవు. ఇక ఉచిత కరెంటుకైనా బొగ్గు కాలాల్సిందే.

రెండోది, పైకప్పు. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత రేకు మీద, స్లాబు మీద వేస్తే లోపల వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మన కుర్రాళ్లు ఒక ఆదివారం ఉదయం బ్రష్షులు పట్టుకుంటే కూలి ఖర్చు కూడా ఉండదు.

మూడోది, దావత్‌లు. వలీమా అయినా, ఇఫ్తార్ అయినా పలుచటి ప్లాస్టిక్ దస్తర్‌ఖాన్, థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ల ప్యాకెట్లు చివరికి చెరువు గట్టు మీదకే చేరుతున్నాయి. సిద్దిపేట ప్రాంతంలో స్టీలు బ్యాంకులు పెట్టి విందులకు పళ్లాలు, గ్లాసులు ఇస్తున్నారు. మస్జిద్‌లో 300 పళ్లాలు, గ్లాసులు, ఉతికి వాడే దస్తర్‌ఖాన్‌లు ఉంటే మహల్లా అంతటికీ సరిపోతాయి. మిగిలిన బిర్యానీ కుప్పలో కుళ్లితే మీథేన్ పుడుతుంది. అది వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 27 రెట్లు వేడెక్కించే వాయువు. వడ్డించేటప్పుడే కొంచెం కొంచెం పెట్టడం, మిగిలింది ఆ పూటే పంచడం మన పెద్దలు నేర్పిన పద్ధతే.

నాలుగోది, పొలం. సాగర్ ఎడమ కాలువ కింద వరి మన బతుకు. నిత్యం నీళ్లు నిలిచిన మడి నుంచి కూడా మీథేన్ వస్తుంది. నీరు ఇంకాక మళ్లీ పెట్టే ఆరుతడి పద్ధతితో దాన్ని సగం దాకా తగ్గించవచ్చని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది. నీరూ ఆదా అవుతుంది. రైతు సోదరులు వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి ముందు ఒక మడిలో చేసి చూడాలని కోరుతున్నాం.

ఐదోది, దాతల ఇళ్లు. ఏసీని 24 నుంచి 26 డిగ్రీల మధ్య పెట్టి ఫ్యాను వేసుకోవడం, మస్జిద్‌కు బండి మీద కాక నడిచి రావడం ఈ రోజు నుంచే చేయవచ్చు. సొంత ఇల్లున్నవారికి పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఉంది. అది రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తుంది.

ఏ సొమ్ము దేనికి?

దాతలు తప్పక తెలుసుకోవలసింది ఇది. జకాత్ హక్కుదారులను ఖుర్ఆన్ (9:60) ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. మస్జిద్ పైకప్పు మీద సోలార్‌కు, స్టీలు పాత్రలకు జకాత్ వాడకూడదన్నది అత్యధిక ఉలమా అభిప్రాయం. వాటికి లిల్లాహ్, సదఖా సొమ్ము ఇవ్వాలి. అర్హత గల పేద కుటుంబానికి ఫ్యాను కొని సొంతం చేసి ఇస్తే అది జకాత్ కింద చెల్లుతుంది. సందేహం ఉంటే మీ ఆలిమ్ సాహెబ్‌ను అడిగి, కవరు మీద స్పష్టంగా రాసి ఇవ్వండి.

మస్జిద్‌కు ఏసీ ఇవ్వాలనుకునే దాతలకు మా విన్నపం ఒక్కటే. ఒక ఏసీ ఖరీదుతో పదికి పైగా ఫ్యాన్లు వస్తాయి. అవి రేకుల ఇళ్లలో పసిపిల్లలు, ముసలివారు, పరీక్షలకు చదువుకునే పిల్లల తలల మీద తిరుగుతాయి. తిరిగినంత కాలం పొగా తగ్గుతుంది, దుఆలూ అందుతాయి.

ఈ వేసవి రాకముందే మీ మూడు నెలల కరెంటు బిల్లులు తీసి, యూనిట్లను 0.7తో హెచ్చవేసి చూడండి. వచ్చిన అంకెలో పదో వంతు తగ్గిస్తామని ఇంటిల్లిపాదీ నియ్యత్ చేసుకోండి. మిగిలిన డబ్బును సదఖా డబ్బాలో వేయండి.

అల్లాహ్ మనల్ని తన అమానత్‌ను కాపాడేవారిలో చేర్చుగాక, మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.