వైఫై ఉన్నది, అంతర్జాలం లేదు: లోపం ఎక్కడ వెదకాలి?

ఫోన్ తెర పైభాగాన వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది. దాని పక్కనే ఒక చిన్న ఆశ్చర్యార్థక చిహ్నం నిలిచి ఉంటుంది. సెట్టింగ్స్ తెరిచి చూస్తే ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అన్న వాక్యం ఎదురవుతుంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పట్టణాలలో వైఫై పెట్టించుకున్న ఇళ్ళవారికి ఈ వాక్యం కొత్తది కాదు. సేవాసింధులో అర్జీ పెట్టడం, ఇంటి పన్ను చెల్లించడం, పహణి చూసుకోవడం, పిల్లల పరీక్షా ఫలితాలు తెలుసుకోవడం వంటి పనులన్నీ ఫోన్‌లోకి చేరిన తరువాత ఈ అంతరాయాన్ని వినోదానికి కలిగిన విఘ్నంగా మాత్రమే భావించడానికి వీలులేదు. విద్యార్థి వేతనం అర్జీకి చివరి దినాన ఇది సంభవిస్తే ఒక కుటుంబానికి ఆ సంవత్సరపు సహాయమే చేజారిపోవచ్చు.

అటువంటి వేళ తొందరపాటు సహజం. కొందరు వైఫై పెట్టె వెనుక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చుతారు. కొందరు గడువు మిగిలి ఉండగానే మళ్ళీ రీఛార్జి చేస్తారు. మరికొందరు ఫోన్‌ను దుకాణానికి తీసుకుపోయి పూర్తిగా రీసెట్ చేయించి, పెళ్ళి ఛాయాచిత్రాలతో సహా సమస్తమూ పోగొట్టుకుంటారు. లోపం ఎక్కడ ఉన్నదో తెలియకముందే చికిత్స మొదలుపెట్టడమే ఈ నష్టాలన్నింటికీ కారణం.

వైఫై వేరు, అంతర్జాలం వేరు. ఈ జిల్లావాసులకు సుపరిచితమైన ఉపమానంతో చెప్పాలంటే, వైఫై అనేది మేడమీది నీళ్ళ ట్యాంకు నుండి వంటింటి కుళాయికి వచ్చే గొట్టం. గొట్టం చక్కగానే ఉంటుంది, కుళాయి తిరుగుతుంది, కానీ బోరుబావి నుండి ట్యాంకులోకి నీరు ఎక్కకపోతే చుక్క రాదు. ఫోన్ నుండి ఇంట్లోని రౌటర్ వరకు ఉన్నది మొదటి దారి. గాలిలో తరంగాల రూపంలో సాగే ఆ పదిపదిహేను అడుగుల దారికే వైఫై అని పేరు. రౌటర్ నుండి వీధి స్తంభం మీది తీగ ద్వారా సేవా సంస్థ కార్యాలయానికి, అక్కడి నుండి లోకానికి పోయేది రెండవ దారి. తెర మీది వైఫై గీతలు మొదటి దారి బలాన్ని మాత్రమే చూపుతాయి. గీతలు నిండుగా ఉన్నాయి కనుక అంతర్జాలం రావాలి అని వాదించడం, గొట్టం కొత్తది కనుక నీళ్ళు రావాలి అనడం వంటిదే.

మరి రెండవ దారి తెగిందని ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? వైఫైకి చేరిన వెంటనే ఫోన్ తనంతట తానుగా ఒక చిన్న పరీక్ష చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ సాధారణంగా గూగుల్ నిర్వహించే ఒక చిరునామాకు కబురు పంపి, 204 అనే సంకేతసంఖ్య గల ఖాళీ జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఐఫోన్ ఆపిల్ సంస్థ చిరునామాను అడిగి ‘సక్సెస్’ అన్న ఒక్క మాటను ఆశిస్తుంది. ఆశించిన జవాబు వస్తే అంతా సవ్యం. దానికి బదులు వేరొక పుట వస్తే, అక్కడ ఎవరో లాగిన్ కోరుతున్నారని ఫోన్ గ్రహిస్తుంది. ఏ జవాబూ రాకపోతే ‘ఇంటర్నెట్ లేదు’ అని ప్రకటిస్తుంది. ఈ ప్రకటన అరుదుగా అబద్ధం కావచ్చు. ఆ ఒక్క పరీక్షా చిరునామా అందకపోయినా ఇతర పుటలు తెరుచుకునే సందర్భాలు ఉన్నాయి. కనుక హెచ్చరిక కనిపించినంత మాత్రాన నిరాశ చెందక, ముందు ఏదైనా ఒక వెబ్‌సైటు తెరిచి చూడాలి.

అది కూడా తెరుచుకోకపోతే ఫోన్‌ను గాని, రౌటర్‌ను గాని ముట్టుకోకముందే చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. అదే వైఫైకి ఇంట్లోని మరొక ఫోన్‌ను కలిపి చూడాలి. ఆ రెండవ ఫోన్‌లో మొబైల్ డేటాను ఆపివేసిన తరువాతనే చూడాలి. లేకుంటే అది సిమ్ డేటాతో పనిచేస్తూ వైఫై బాగున్నదన్న భ్రమ కలిగిస్తుంది. రెండవ ఫోన్‌లో కూడా రాకపోతే దోషం రౌటర్‌లోనో, దాని ఆవలనో ఉన్నట్లు. రెండవ ఫోన్‌లో వచ్చి మొదటిదానిలో రాకపోతే దోషం మొదటి ఫోన్‌లో ఉన్నట్లు. ఇంట్లో ఒక్క ఫోన్ మాత్రమే ఉన్నవారు పక్కింటివారి హాట్‌స్పాట్‌కు దానిని కలిపి చూసినా ఇదే నిర్ణయానికి రావచ్చు. రెండు నిమిషాల ఈ పరీక్ష సగం శ్రమను తప్పిస్తుంది.

దోషం ఇంటి ఫోన్లన్నింటిలోనూ ఉన్నదని తేలినప్పుడు రౌటర్ మీది దీపాలను గమనించాలి. ఫైబర్ కనెక్షన్ ఇచ్చే పెట్టెల మీద పవర్, పాన్, లాస్ అనే దీపాలు సాధారణంగా ఉంటాయి. లాస్ అన్న చోట ఎర్రదీపం వెలుగుతూ గాని, మిణుకుతూ గాని ఉంటే వీధిలోనుండి వచ్చే ఫైబర్ తీగలో వెలుతురు ఇంటికి చేరడం లేదని అర్థం. ఈ తీగలో ప్రవహించేది విద్యుత్తు కాదు, కంటికి కనిపించని లేజర్ కాంతి. దానిని మోసేది వెంట్రుక అంత సన్నని గాజు పోగు. గోడ మూలలో మరీ వంచి మేకు కొట్టినా, మంచం కోడు కింద నలిగినా కాంతి ఆగిపోతుంది. వీధిలో నైతే రోడ్డు తవ్వకాలు, ఎత్తైన లారీలు, ఎలుకలు దీనికి శత్రువులు. కోతుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2015లో వారణాసిలో గంగాతీరాన వేసిన ఫైబర్ తీగలను కోతులు కొరికివేస్తున్నాయన్న వార్త దేశవిదేశాల పత్రికలకు ఎక్కింది. నందికొండ పరిసరాలవారికి అది వింతగా తోచదు. ఎర్రదీపం వెలిగినప్పుడు ఫోన్ సెట్టింగులలో ఎంత వెదకినా ఫలితం ఉండదు. తీగ కొనను ఊడదీసి దాని లోపలికి కన్నుపెట్టి చూడడం మాత్రం ఎన్నడూ చేయరాదు. ఆ కాంతి కంటికి హాని చేయగలదు.

ఎర్రదీపం లేకపోయినా అంతర్జాలం రాకపోతే నెల గడువు ముగిసిందేమో మొదట చూసుకోవాలి. గడువు ఉంటే రౌటర్ స్విచ్చి ఆపి, అర నిమిషం ఆగి, తిరిగి వేసి, నాలుగైదు నిమిషాలు ఓపిక పట్టాలి. దీపాలు వరుసగా వెలిగి స్థిరపడడానికి ఆ మాత్రం సమయం కావాలి. ఆ లోపలనే మళ్ళీ మళ్ళీ ఆపివేయడం వలన ప్రయోజనం లేదు. కరెంటు కోత వేళల మరొక చిక్కు ఉంది. ఇంట్లో యూపీఎస్ ఉన్నందున రౌటర్ వెలుగుతూనే ఉంటుంది, వైఫై గుర్తు కూడా ఉంటుంది. కానీ వీధి చివర కేబుల్ ఆపరేటరు అమర్చిన పరికరానికి బెస్కాం సరఫరా ఆగిపోయి, దాని బ్యాటరీ కూడా అయిపోయి ఉంటుంది. అప్పుడు వీధి మొత్తానికీ ఇదే స్థితి. పక్కింటివారిని ఒక్కమాట అడిగితే విషయం తేలిపోతుంది.

రౌటర్ వెనుక రంధ్రంలో ఉండే రీసెట్ మీటను ఎవరి సలహా మీదనైనా సరే నొక్కకపోవడం ఉత్తమం. స్విచ్చి ఆపి వేయడం ఒకటి, రీసెట్ చేయడం మరొకటి. రీసెట్ చేసిన రౌటర్ తన జ్ఞాపకాన్నంతా తుడిచివేసి, కర్మాగారం నుండి వచ్చిన నాటి స్థితికి మరలిపోతుంది. సేవా సంస్థ దానిలో నమోదు చేసిన వినియోగదారు పేరు, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు పది నిమిషాలలో తీరవలసిన సమస్య, ఆపరేటరు మనిషి ఇంటికి వచ్చేవరకు తీరదు. పండుగ రోజులలో అయితే ఆ రాక మరింత ఆలస్యం.

ఇక దోషం ఒక్క ఫోన్‌లోనే ఉన్న పక్షంలో, తేలికైన పనుల నుండి కష్టమైన వాటికి క్రమంగా సాగాలి. ఫ్లైట్ మోడ్‌ను ఒకసారి వేసి తీయడం, ఫోన్‌ను ఆపి తెరవడం మొదటివి. అవి చాలకపోతే సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి ‘ఫర్గెట్’ ఎంచుకుని, పాస్‌వర్డ్ ఇచ్చి తిరిగి కలపాలి. ఆ పాస్‌వర్డ్ తెలిసిన తరువాతనే మరచిపోమని ఫోన్‌కు చెప్పడం వివేకం! ఇలా కలిపినప్పుడు రౌటర్ ఫోన్‌కు కొత్తగా ఒక చిరునామా సంఖ్యను కేటాయిస్తుంది. ఇళ్ళలో ఇది చాలావరకు 192.168 అంకెలతో మొదలవుతుంది. ఐఫోన్‌లో గాని, కంప్యూటర్‌లో గాని 169.254తో మొదలయ్యే సంఖ్య కనిపిస్తే రౌటర్ చిరునామా ఇవ్వలేదని, పరికరం తానే ఒక తాత్కాలిక సంఖ్యను పెట్టుకున్నదని గ్రహించి రౌటర్‌ను ఒకసారి ఆపి వేయాలి.

తేదీ, గడియారం తప్పుగా ఉన్నా సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు. ప్రతి సైటూ చూపే గుర్తింపు పత్రానికి ఆరంభ, అంతిమ తేదీలు ఉంటాయి. ఫోన్ మరో సంవత్సరంలో ఉన్నట్లు భావిస్తే ఆ పత్రాన్ని అంగీకరించదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలాకాలం పక్కన పెట్టిన ఫోన్లలో ఇది తరచు జరుగుతుంది. ‘ఆటోమేటిక్’ తేదీని ఎంచుకుంటే సరిపోతుంది. మరీ పాత పరికరాలలో ఈ పత్రాల చిక్కు మరో రూపం దాలుస్తుంది. 2021 సెప్టెంబరు 30న అసంఖ్యాకమైన వెబ్‌సైట్లకు ఆధారమైన ఒక మూల పత్రం గడువు తీరింది. నవీకరణ పొందని పాత ఐఫోన్లలో, పాత కంప్యూటర్లలో అనేక సైట్లు ఆ తరువాత తెరుచుకోలేదు. రౌటర్‌ను నిందించి లాభం లేని సందర్భమది.

వీపీఎన్ యాప్ వేసుకున్నవారు, ప్రకటనలు రాకుండా ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ అనే చోట ఏదో చిరునామా రాసుకున్నవారు వాటిని ఆపి చూడాలి. డీఎన్ఎస్ అనేది వెబ్‌సైటు పేరును సంఖ్యగా మార్చి చెప్పే సేవ. ఆ సేవ నిలిచిపోతే దారి తెరిచి ఉన్నా గమ్యం తెలియక ఫోన్ ఆగిపోతుంది. పిల్లల వాడకానికి రౌటర్‌లో వేళలు నిర్ణయించిన ఇళ్ళలో ఆ వేళ దాటగానే సరిగ్గా ఇదే హెచ్చరిక కనిపించవచ్చు. చిట్టచివరి ఉపాయం ‘రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’. ఇది ఫోన్‌లో దాచిన వైఫై పాస్‌వర్డులను, బ్లూటూత్ జతలను చెరిపివేస్తుంది తప్ప ఛాయాచిత్రాలను, వాట్సాప్ సంభాషణలను ముట్టుకోదు. అయితే ‘ఫ్యాక్టరీ రీసెట్’ కూడా అనేక ఫోన్లలో అదే పుటలో దాని కిందనే ఉంటుంది. అది సమస్తాన్నీ తుడిచివేస్తుంది. పెద్దవారి ఫోన్‌లో ఈ పనిచేసే యువకులు ఆ రెండు వరుసలను ఒకటికి రెండుసార్లు చదవాలి.

రైల్వే స్టేషన్లలో రెయిల్‌టెల్ అందించే వైఫైకి కలిసినప్పుడు లాగిన్ పుట తెరిచి, ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ నమోదు చేసేవరకు అంతర్జాలం రాదు. అక్కడ రోజుకు అర గంట ఉచితం. ఆ పుట దానంతట అది తెరుచుకోకపోతే వైఫై పేరు మీద మరొకసారి నొక్కాలి. ఓటీపీ ఎస్సెమ్మెస్‌గా వస్తుంది కనుక అంతర్జాలం లేకున్నా చేరుతుంది. సిమ్‌కు సిగ్నల్ ఉంటే చాలు. ఇంటి వైఫై నిలిచిన వేళ కూడా ఈ తేడా గుర్తుంచుకోదగినది.

పని అత్యవసరమైనప్పుడు మరమ్మతు వాయిదా వేసి, వైఫైని ఆపి, సిమ్ డేటాతో పని ముగించడం మేలు. నిష్ఫలమైన వైఫైని పట్టుకుని వేలాడే ఫోన్లు కొన్ని ఉంటాయి కనుక దానిని పూర్తిగా ఆపివేయాలి. టమాటా మార్కెట్టులో గాని, కిరాణా దుకాణంలో గాని యూపీఐ చెల్లింపు మధ్యలో అంతర్జాలం ఆగి ‘పెండింగ్’ అని చూపితే వెంటనే రెండవసారి పంపరాదు. ముందు బ్యాంకు ఎస్సెమ్మెస్‌నో, ఖాతా నిల్వనో చూసుకోవాలి. ఖాతాలో సొమ్ము తగ్గి అవతలివారికి చేరని పక్షంలో, 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు జారీ చేసిన నియమం ప్రకారం, వ్యక్తికి పంపిన మొత్తం మరునాటికి, వ్యాపారికి పంపినది ఐదు రోజులలోపు తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలి.

సేవా సంస్థకు ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ రావడం లేదు’ అన్న ఒక్కమాటతో సరిపెట్టక, ఎప్పటినుండి రావడం లేదు, ఎన్ని ఫోన్లలో రావడం లేదు, లాస్ దీపం ఏ రంగులో ఉన్నది అన్న మూడు వివరాలు చెప్పాలి. ఆ వివరాలు ఉంటే తీగ అతికే మనిషిని పంపాలో, కార్యాలయం నుండే సరిచేయాలో అవతలివారు నిర్ణయించుకోగలరు. ఫిర్యాదు సంఖ్యను తప్పక అడిగి రాసుకోవాలి. ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం మొదటి ఫిర్యాదు పరిష్కారం కాకపోయినా, తృప్తికరంగా లేకపోయినా అదే సంస్థలోని అప్పీలు అధికారికి నివేదించుకునే హక్కు వినియోగదారుకు ఉంది. అప్పీలుకు ఆ సంఖ్యే ఆధారం. ఫిర్యాదు చేసిన తరువాత సంస్థ పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేసి, తెరను వారికి చూపే యాప్ వేసుకోమని గాని, ఓటీపీ చెప్పమని గాని అడిగితే ఆ సంభాషణను అక్కడితో ఆపివేయాలి. నెట్ బాగుచేయడానికి ఆ రెండూ అవసరం లేదు. అప్పటికే ఖాతానుండి సొమ్ము పోయినట్లయితే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఆ కాల్‌కు కూడా అంతర్జాలం అక్కరలేదు.