మోర్మన్లు ఎవరు? ఏమి విశ్వసిస్తారు?

ఉమ్రా యాత్రికులు బయలుదేరే వేళ శంషాబాద్ విమానాశ్రయం ముందు కనిపించే దృశ్యం పాఠకులకు సుపరిచితమే. ఇహ్రామ్ ధరించిన పెద్దలు, వారి చేతులు పట్టుకొని దుఆ చేయమని కోరే బంధువులు, కళ్లు తుడుచుకునే తల్లులు. ఇటీవల మేము కూడా అలాగే మా పెద్దలను సాగనంపి, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ ఊళ్లో టీ కోసం ఆగాము. పక్క బల్లపై ఇద్దరు తెలుగు యువకులు కూర్చొని ఉన్నారు. తెల్లచొక్కా, టై, జేబుపై నల్లని పేరు పలక. పలకపై పేరుకు ముందు ‘ఎల్డర్’ అని ఉంది. అంటే పెద్ద అని అర్థం. వారి వయసు ఇరవై దాటి ఉండదు.

మర్యాద కొద్దీ మేము టీ ఇప్పించబోతే, “క్షమించండి సార్, మా ధర్మంలో టీ, కాఫీ నిషేధం” అన్నారు వినయంగా. వారు మోర్మన్లు. మాటల్లో అరగంట గడిచింది. ఇంటికి వస్తూ మా మేనల్లుడు అడిగాడు: “మామూ, వాళ్లు ఎంత మంచివాళ్లు! మరి వాళ్లు నమ్మేది తప్పెలా అవుతుంది?”

ఈ ప్రశ్న ఏ ఇంట్లోనైనా పుట్టవచ్చు. అందుకే ఈ వ్యాసం.

హైదరాబాద్‌తో అనుబంధం

వీరి సంస్థ అధికారిక నామం యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. ‘మోర్మన్’ అన్నది వారి గ్రంథం పేరును బట్టి ఇతరులు పెట్టిన పేరు. పూర్తి నామంతోనే పిలవాలని 2018లో వారి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ కోరారు.

తెలుగు నేలపై వీరి చరిత్ర ఒక కుటుంబంతో మొదలైంది. సమోవా దీవులలో ఉద్యోగం చేస్తూ ఆ మతాన్ని స్వీకరించిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో ప్రచారకులుగా హైదరాబాద్ వచ్చి, తమ బంధువులలో పలువురికి బాప్తిస్మమిచ్చారు. బాప్టిస్టు బోధకులైన ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించే పని చేపట్టారు. అనేక స్థానిక శాఖలు కలిసిన విభాగాన్ని వారు ‘స్టేక్’ అంటారు. భారతదేశంలో మొదటి స్టేక్ 2012 మే నెలలో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

వారి మూల విశ్వాసాలు

మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1805లో అమెరికాలో జన్మించాడు. 1820లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక తోపులో ప్రార్థిస్తుండగా తండ్రియైన దేవుడు, యేసు తనకు కనిపించారని అతను చెప్పాడు. ఆ తరువాత మొరోనై అనే దేవదూత చూపిన బంగారు రేకులను దైవసహాయంతో అనువదించానని ప్రకటించి, 1830లో ‘మోర్మన్ గ్రంథం’ ప్రచురించాడు. అదే ఏడాది ఏప్రిల్ 6న సంఘాన్ని నెలకొల్పాడు. 1844లో ఒక అల్లరిమూక చేతిలో హతుడయ్యాడు. అనంతరం బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో అనుచరులు 1847లో యూటా ప్రాంతానికి వలస వెళ్లారు. నేటికీ సాల్ట్ లేక్ సిటీయే వారి కేంద్రం.

యేసు శిష్యుల తరువాత అసలు ధర్మం లోకం నుండి తొలగిపోయిందనీ, జోసెఫ్ స్మిత్ ద్వారా అది పునరుద్ధరించబడిందనీ వారి విశ్వాసం. నేటి తమ అధ్యక్షుణ్ణి కూడా వారు ప్రవక్తగానే భావిస్తారు. బైబిలుతో పాటు మరి మూడు గ్రంథాలను పవిత్రంగా స్వీకరిస్తారు.

సాధారణ క్రైస్తవుల త్రిత్వాన్ని వారు ఒప్పుకోరు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేర్వేరు వ్యక్తులనీ, తండ్రికి మాంసమూ ఎముకలూ గల దేహమున్నదనీ అంటారు. మానవుడు ఉన్నతి పొంది చివరకు దేవుని వంటివాడు కాగలడన్నది వారి బోధ. అందుకే అనేక క్రైస్తవ సంఘాలు వారిని క్రైస్తవులుగా అంగీకరించవు. వారు మాత్రం తాము క్రైస్తవులమేనంటారు.

ఆదాము పాపం సంతానానికి సంక్రమించదని, ప్రతి ఒక్కరూ తమ పాపానికే బాధ్యులని వారు నమ్ముతారు. ఎనిమిదేళ్లు నిండకుండా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరు. వివాహబంధం దేవాలయంలో ‘ముద్రింపబడితే’ మరణానంతరమూ నిలుస్తుందని విశ్వసిస్తారు. గతించిన పూర్వికుల పక్షాన బతికున్నవారు బాప్తిస్మం పొందుతారు. వంశవృక్షాల సేకరణపై వారికి అంత శ్రద్ధ ఉండటానికి కారణం ఇదే.

బహుభార్యత్వం గురించి చాలామంది వినే ఉంటారు. ఆ సంఘం 1890లోనే దానికి స్వస్తి చెప్పింది. ఇప్పుడు దాన్ని ఆచరించేవారిని సభ్యత్వం నుండి తొలగిస్తుంది.

మద్యం, పొగాకు, టీ, కాఫీ నిషిద్ధాలు. ఆదాయంలో పదవ వంతు సంఘానికి ఇస్తారు. నెలకొక ఆదివారం రెండు పూటలు ఉపవాసముండి, ఆ భోజన ఖర్చును పేదలకిస్తారు. స్థానిక శాఖలను నడిపేవారికి జీతాలుండవు. యువకులు రెండేళ్లు ప్రచారానికి అంకితమవుతారు.

మనకూ వారికీ మధ్య

ధర్మం కలుషితమైందన్న మాట, దైవదూత రాక, దివ్యగ్రంథం... ఇవన్నీ విన్నప్పుడు మన పిల్లలకు పోలికలే ముందు కనిపిస్తాయి. తేడాలను వారికి వివరించవలసిన బాధ్యత పెద్దలది.

మొదటిది తౌహీద్. అల్లాహ్ ఏకైకుడు, నిరపేక్షాపరుడు. ఆయనకు సంతానం లేదు, ఆయనను పోలినది ఏదీ లేదు. దేహం గల దేవుడు, దేవుడంతటి వాడు కాగల మానవుడు అన్న భావనలు ఇక్కడే మననుండి పూర్తిగా వేరవుతాయి.

రెండవది ప్రవక్తృత్వం. పూర్వ గ్రంథాలలో మార్పులు జరిగాయని మనమూ విశ్వసిస్తాము. అయితే ఆ లోటు అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) రాకతో తీరింది. ఆ తరువాత మరొక ప్రవక్త అవసరం లేదు, రారు.

మూడవది ఆధారం. బంగారు రేకులను దేవదూత తిరిగి తీసుకువెళ్లాడని వారే చెబుతారు. వాటిని చూశామని పదకొండు మంది ఇచ్చిన సాక్ష్యం వారి గ్రంథంలో ముద్రితమై ఉంది. మూలం మాత్రం నేడు ఎవరి ముందూ లేదు. దివ్యఖుర్ఆన్ అవతరించిన భాషలోనే, తరతరాల హాఫిజుల హృదయాలలో భద్రంగా ఉంది. మన వీధి మదర్సాలోని పదేళ్ల బాలుడు సైతం దానికి సజీవ సాక్షి.

మేనల్లుడికి మా జవాబు

“బాబూ, మంచి నడవడిక గౌరవించదగినది. విశ్వాసం పరిశీలించదగినది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది రుజువు కాదు” అని చెప్పాము. ఆ యువకుల నడవడిక మాత్రం మాకూ ఒక ప్రశ్న వేసింది. నమ్మినదాని కోసం వారు రెండేళ్లు ఇస్తున్నారు. సత్యం మన వద్ద ఉందని చెప్పుకునే మనం ఎన్ని రోజులు ఇస్తున్నాము?

ఒక జాతి పట్ల ద్వేషం మనల్ని అన్యాయానికి పురిగొల్పరాదని ఖుర్ఆన్ (5:8) హెచ్చరించింది. మన గురించి వక్రంగా రాసినప్పుడు మన మనసెంత నొచ్చుకుంటుందో మనకు తెలుసు. కాబట్టి ఇతరుల విశ్వాసాన్ని చెప్పేటప్పుడు వారే విని ‘అవును, మేము నమ్మేది ఇదే’ అనగలిగేలా చెప్పాలి. తరువాతనే మన మాట. నజ్రాన్ క్రైస్తవ ప్రతినిధులను దైవప్రవక్త (స) మదీనాలో ఆదరించి, వారితో సంభాషించారు. వారి విశ్వాసాన్ని ఒప్పుకోలేదు, వారిని అవమానించనూ లేదు.

కుటుంబం మరణంతో విడిపోకూడదన్న ఆశ ఆ యువకుల మాటల్లో పదేపదే వినిపించింది. ఆ ఉదయమే విమానాశ్రయంలో మా పెద్దల చేయి వదిలి వచ్చిన మాకు ఆ ఆశ కొత్తది కాదు. విశ్వసించి సన్మార్గాన నడిచిన తల్లిదండ్రులనూ సంతానాన్నీ స్వర్గంలో కలుపుతానని అల్లాహ్ వాగ్దానం చేశాడు (52:21). దానికి ఏ ఆలయపు ముద్రా అక్కరలేదు. ఈమాన్, సత్కార్యాలు చాలు. మన ఇళ్లను ఆ వాగ్దానానికి అర్హమైనవిగా తీర్చిదిద్దుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.