నెల్లూరు వెళ్తున్నారా..? మైపాడు చూసి వచ్చేస్తే ఎలా.. బుచ్చి నుంచి సముద్రం దాకా రెండు రోజుల ట్రిప్ ఇలా ప్లాన్ చేసుకోండి!

నెల్లూరు అనగానే చాలామందికి గుర్తొచ్చేవి రెండే.. ఒకటి చేపల పులుసు, రెండోది మైపాడు బీచ్. పొద్దున్నే కారెక్కడం, సముద్రంలో నాలుగు మునకలేయడం, పులుసు అన్నం తినడం, చీకటి పడేలోపు ఇంటిదారి పట్టడం. చాలా కుటుంబాలకు నెల్లూరు టూర్ అంటే ఇంతే. ఈ హడావుడిలో చూడాల్సినవి చూడకుండానే వచ్చేస్తున్నారు. పైగా మిట్టమధ్యాహ్నం తొందరతొందరగా సముద్రంలోకి దిగి ప్రమాదాలు కొనితెచ్చుకుంటున్నారు.

నిజానికి ఇక్కడ చూడాల్సినవి చాలావరకు పెన్నా నది వెంటే ఉన్నాయి. బుచ్చిరెడ్డిపాలెం నుంచి నదిని పట్టుకుని సముద్రం దాకా వెళ్తే యాభై కిలోమీటర్లలోపే గుళ్లు, గాంధీ ఆశ్రమం, బీచ్ అన్నీ వరుసగా వస్తాయి. కావాల్సిందల్లా ఒక్క రాత్రి బస. మరి ఎక్కడ ఉండాలి..? ఏమేం చూడాలి..? ఓ లుక్కేయండి.

బుచ్చి నుంచే ఎందుకు..?

బుచ్చిరెడ్డిపాలెంలో సముద్రం లేదు. స్థానికులు ముద్దుగా 'బుచ్చి' అని పిలుచుకునే ఈ ఊరు నెల్లూరుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ముంబై రోడ్డు మీద ఉంటుంది. ఇటు జొన్నవాడ, అటు సంగం, వెనక్కి వస్తే నెల్లూరు.. అన్నింటికీ దగ్గరే. నెల్లూరు ఆత్మకూరు బస్టాండ్ నుంచి ఆత్మకూరు, ఉదయగిరి వైపు వెళ్లే ఆర్టీసీ బస్సులు బుచ్చి మీదుగానే వెళ్తాయి. సొంత కారు లేకపోయినా ఇబ్బంది లేదు.

ఊళ్లో ముందుగా చూడాల్సింది కోదండరామస్వామి ఆలయం. దొడ్ల వంశీకులు కట్టించిన ఈ గుడి గాలిగోపురం దూరం నుంచే కనిపిస్తుంది. పక్కనే పుష్కరిణి. శ్రీరామనవమి రోజుల్లో ఇక్కడి సందడే వేరు. ఇంకో విషయం.. 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి పుట్టింది ఈ ఊళ్లోనే. శాంతినికేతన్‌లో చదువుకుని రవీంద్రుడి రచనలను తెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే.

బస ఎక్కడ బెటర్..?

నెల్లూరు సిటీ: చిన్నపిల్లలు, పెద్దవాళ్లతో వచ్చేవారికి ఇదే సేఫ్. రైల్వే స్టేషన్, ఆర్టీసీ బస్టాండ్, ట్రంకు రోడ్డు చుట్టుపక్కల అన్ని బడ్జెట్లకూ లాడ్జిలు, హోటళ్లు దొరుకుతాయి. ఆస్పత్రులు, మెస్‌లు అన్నీ చేతికందే దూరంలో ఉంటాయి. అయితే మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. ఆ రోజుల్లో ముందుగా బుక్ చేసుకోకుండా వస్తే రూమ్ దొరకడం కష్టమే.

జొన్నవాడ: బుచ్చి మండలంలోనే, పెన్నా ఒడ్డున ఉన్న మల్లికార్జునస్వామి, కామాక్షితాయి క్షేత్రం ఇది. ఇక్కడ 'బస' అనే మాటకు అర్థమే వేరు. సంతానం కోసం, అనారోగ్యం తగ్గాలని కోరుకునేవారు నదిలో స్నానం చేసి, రాత్రి ఆలయంలోనే నిద్ర చేస్తారు. అమ్మ కలలో కనిపిస్తే కోరిక తీరుతుందని వారి నమ్మకం. గదుల కోసం ముందే దేవస్థానాన్ని సంప్రదించడం మంచిది. వైశాఖ మాసంలో బ్రహ్మోత్సవాలప్పుడు రద్దీ బాగా ఎక్కువ.

మైపాడు: సముద్రం హోరు వింటూ పడుకోవాలనుకునేవారికి ఇది నచ్చుతుంది. కాకపోతే గదులు తక్కువ. ఖాళీ ఉందో లేదో ఫోన్‌లో కనుక్కున్నాకే బయల్దేరండి. రాత్రిపూట మందులో, పాలో కావాలంటే దొరకడం కష్టం. పసిపిల్లలతో వెళ్లేవారు ఇది ఆలోచించుకోవాలి.

మొదటి రోజు.. నది దగ్గర

ఉదయాన్నే బుచ్చి దాటి సంగం వెళ్లండి. అక్కడ పెన్నాపై కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబర్ 6న ప్రారంభమైంది. బ్రిటిష్ కాలం నాటి పాత ఆనకట్ట చేసిన పనిని ఇప్పుడు ఇది అందుకుంది. సంగం దగ్గర మళ్లిన నీళ్లే కనిగిరి రిజర్వాయర్‌కు చేరి, బుచ్చి చుట్టుపక్కల వరి పొలాలకు పారతాయి. (కనిగిరి పట్టణం వేరు, ఈ రిజర్వాయర్ వేరు.) దారి పొడవునా కనిపించే పచ్చదనం వెనకున్న కథ ఇదే.

మధ్యాహ్నం ఎండ తగ్గాక బుచ్చి కోదండరాముడి దర్శనం, సాయంత్రానికి జొన్నవాడ. నదిలో స్నానానికి దిగేవారు ఘాట్ దగ్గరే మునగాలి. ఇసుక తవ్విన చోట్ల గుంతలుంటే పైకి కనపడవు. మోకాళ్ల లోతే అనుకుని అడుగేస్తే ఒక్కసారిగా మునిగిపోయే ప్రమాదం ఉంది.

రెండో రోజు.. సముద్రం వైపు

పొద్దున్నే నెల్లూరులో పెన్నా ఒడ్డునే ఉన్న తల్పగిరి రంగనాథస్వామి ఆలయం చూసుకుని, మైపాడు దారి పట్టండి. అటువైపే ఇందుకూరుపేట మండలం పల్లెపాడు వస్తుంది. ఇక్కడి పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న స్వయంగా గాంధీజీయే ప్రారంభించారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడుగా నిలిచిన పారసీ రుస్తుంజీ ఇచ్చిన విరాళంతో భవనం కట్టారు. టికెట్లు, హంగామా లేని ప్రశాంతమైన చోటు. పిల్లలకు తప్పక చూపించాలి.

మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చి, నాలుగు గంటలకు మైపాడు చేరుకోండి. నెల్లూరు నుంచి దాదాపు పాతిక కిలోమీటర్లు. దారికి అటూఇటూ రొయ్యల చెరువులు కనిపిస్తాయి. జనం తక్కువ ఉండాలంటే పెన్నాకు ఉత్తరాన విడవలూరు మండలంలోని రామతీర్థం వెళ్లొచ్చు. అక్కడ సముద్రం పక్కనే రామలింగేశ్వరస్వామి గుడి ఉంది.

సముద్రంలో దిగేముందు ఇది చదవండి

అలలతో ఒడ్డుకు వచ్చిన నీళ్లు మళ్లీ వెనక్కి వెళ్లాలి కదా. ఒక్కోచోట ఆ నీళ్లన్నీ ఒకే సన్నటి పాయగా, వేగంగా లోపలికి లాగుతాయి. విచిత్రం ఏంటంటే ఆ పాయ ఉన్నచోట అలలు తక్కువగా, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. 'ఇక్కడ అలల్లేవు, ఇక్కడే దిగుదాం' అనుకోవడమే కొంప ముంచుతుంది.

పొరపాటున అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకండి. బలం అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. పాయ దాటాక లాగుడు తగ్గుతుంది, అప్పుడు ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి అరవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడాలని ఒకరి వెనక ఒకరు దూకొద్దు. తాడో, ఖాళీ నీళ్ల క్యానో విసిరి, మెరైన్ పోలీసులనో మత్స్యకారులనో పిలవాలి. మందు తాగి దిగడం, చీకటి పడ్డాక దిగడం, పిల్లల్ని వదిలేసి సెల్ఫీల్లో పడిపోవడం.. ఈ మూడూ వద్దే వద్దు. కార్తీక పౌర్ణమి స్నానాలకైనా ఇదే జాగ్రత్త.

ఎప్పుడు వెళ్లాలి..?

జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు వాతావరణం బాగుంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం. 2021 నవంబర్ వరదలకు పడుగుపాడు దగ్గర రైల్వే ట్రాక్ కొట్టుకుపోయింది, హైవే తెగింది. అందుకే ఆ నెలల్లో వాతావరణ హెచ్చరికలు చూసుకున్నాకే టికెట్ తీయండి.

ఇక చివరగా చేపల పులుసు. మామిడికాయ ముక్కలేసి వండిన నెల్లూరు పులుసు పొయ్యి మీద నుంచి దించగానే కన్నా మర్నాడు ఇంకా బాగుంటుందని ఇక్కడివాళ్లెవరిని అడిగినా చెప్తారు. ముక్కకు పులుపు పట్టాలంటే ఒక రాత్రి ఆగాలి మరి. నెల్లూరు టూర్ కూడా అంతే.. ఒక్క రాత్రి ఆగి చూడండి!