ఘంటసాల భగవద్గీత (రికార్డు)

ఘంటసాల భగవద్గీత, సుప్రసిద్ధ నేపథ్య గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు సినిమాలతో సంబంధం లేకుండా గానం చేసిన లాంగ్ ప్లే రికార్డు. దీనిని హెచ్.ఎం.వి. సంస్థ వెలువరించింది. కరుణశ్రీ రచించిన "పుష్పవిలాపం" పద్యాల వంటి ప్రైవేటు రికార్డులు ఆయన అంతకు ముందే ఇచ్చాడు.

1972లో గుండెపోటుకు గురై కోలుకున్న తరువాత ఆయన ఈ గానానికి పూనుకున్నాడు. 1974 ఫిబ్రవరి 11న మరణించాడు. రికార్డు ఆయన మరణానంతరం విడుదలైంది.

గీతలో 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు ఉన్నాయి. లాంగ్ ప్లే రికార్డులో ఒక్కొక్క వైపు సుమారు 20 నుండి 25 నిమిషాల ధ్వని మాత్రమే పడుతుంది. కనుక ఇందులో ఎంపిక చేసిన శ్లోకాలే ఉన్నాయి. శ్లోకాన్ని పాడి, వెంటనే తాత్పర్యాన్ని తెలుగు వచనంలో చెప్పడం దీని పద్ధతి. సంస్కృతం రాని శ్రోతలకు ఇది చేరువ కావడానికి ఆ వచనమే ముఖ్య కారణమని చెప్పవచ్చు.

నరసరావుపేట, మాచర్ల, గురజాల మొదలైన పల్నాటి ఊళ్ళతో సహా తెలుగునాట అంతటా అంతిమయాత్రలలో దీనిని మైకులో వినిపించడం వాడుకైంది. అందువలన ఇంట్లో వినడానికి జంకేవారూ ఉన్నారు. నిజానికి గీతోపదేశం పొందిన అర్జునుడు బ్రతికి ఉన్నవాడే.

తరువాత ఇది క్యాసెట్టు, సీడీ రూపాలలో వెలువడింది. ఇటువంటి పునర్ముద్రణలలో మూల టేపు నుండి తీసిన ప్రతి మేలైనది. అరిగిన రికార్డు నుండి తీసినపుడు బుస శబ్దాన్ని అతిగా తొలగిస్తే హెచ్చు పౌనఃపున్యాలు కూడా పోయి శ, ష, స ల ఉచ్చారణ మొద్దుబారుతుంది. సంస్కృత శ్లోకానికి ఇది చిన్న లోపం కాదు.