రంగు చూసి మార్కులు వేస్తున్నామా?

వినాయక చవితి ముందు రోజు చోడవరం బజారులో ఏ కిరాణా కొట్టు దగ్గర నిలబడినా ఒకటే మాట.

"ఆ పచ్చటి బెల్లం ఇవ్వు బాబూ, నల్లది వద్దు."

"ఏటమ్మా, రుచి సూడకుండానే వద్దంటారు?" అని కొట్టతను నవ్వుతాడు.

నిజమే. వాసన చూడలేదు, చిన్న ముక్కయినా నోట్లో వేసుకోలేదు. కంటితోనే పరీక్ష పూర్తయిపోయింది! చుట్టూ చెరకు తోటలున్న ఊళ్లో ఉంటూ మనం బెల్లాన్ని ఎంచే తీరు ఇదీ. మరి తినే, తాగే సరుకును ఎలా ఎంచాలి? జపాన్‌లో టీ పోటీలు జరిగే పద్ధతి తెలుసుకుంటే మనకూ ఒక దారి దొరుకుతుంది.

మరిగే నీళ్ల పరీక్ష

జపాన్‌లో ఏటా జాతీయ స్థాయిలో టీ పోటీ జరుగుతుంది. షిజువోకా, కగోషిమా, క్యోటో, యమే వంటి చోట్ల నుంచి రైతులు తమ ఆకు పంపుతారు. సెంచా, గ్యొకురో లాంటి రకాలకు విడివిడిగా పోటీ. ఏ ఆకు ఎవరిదో న్యాయనిర్ణేతలకు తెలియదు, నంబరు ఒక్కటే కనిపిస్తుంది. మొత్తం 200 మార్కులు.

ముందు ఆకు రూపం చూస్తారు. నిగనిగలాడుతోందా, సూదిలా సన్నగా చుట్టుకుందా అని చేత్తో తాకి మరీ పరిశీలిస్తారు. తర్వాత తెల్లటి పింగాణీ గిన్నెలో కొద్దిగా ఆకు వేసి, సలసల మరిగే నీళ్లు పోస్తారు. వలలాంటి చిన్న గరిటెతో ఆకును పైకెత్తి, ఆవిరిలో వాసన పీలుస్తారు. ఆపైన నీటి రంగు. చివరికి రుచి.

ఇందులో ఓ చిత్రముంది. ఇళ్లల్లో వాళ్లు మంచి టీకి మరిగే నీళ్లు పోయరు. కాస్త చల్లార్చి పోస్తే తియ్యదనం, కమ్మదనం దిగుతాయి. పోటీలో మాత్రం కావాలనే మరిగే నీళ్లు. ఎందుకంటే ఆ వేడికి ఆకులోని లోపాలన్నీ బయటపడిపోతాయి! కనిపించిన లోపానికల్లా మార్కులు తగ్గిస్తూ పోతారు. రూపానికీ మార్కులున్నాయి గానీ, పెద్దపీట వాసనకూ రుచికీనే.

మన దగ్గర కంటిదే తీర్పు

2022 వరకూ విశాఖ జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది మన చోడవరం. ఇక్కడి పల్లెల్లో వండిన బెల్లం దిమ్మలు చేరేది దేశంలోనే పేరున్న అనకాపల్లి మార్కెట్‌కి. అక్కడ మొదటి రకం, రెండో రకం, మూడో రకం అంటే చాలావరకు చూసేది రంగే. రంగు తగ్గితే ధర తగ్గుతుంది. ఏడాదంతా చెమటోడ్చిన రైతు ఏం చేస్తాడు? కొందరు పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. దాంతో బెల్లం పచ్చగా మెరుస్తుంది. కానీ అందులోని గంధకపు అవశేషం మన కడుపులోకి వస్తుంది. పైగా ఆ మెరుపు ఎన్నాళ్లో నిలవదు, డబ్బాలో ఉన్న బెల్లం మళ్లీ నల్లబడుతుంది.

రసాయనం లేకుండా మడ్డి తీసే పద్ధతులు లేకపోలేదు. బెండ మొక్కల జిగురుతో తేటపరచడం పెద్దలనాటి నుంచీ ఉన్నదే. అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రమూ ఉంది. ఎన్ని ఉండి ఏం లాభం, కొనేవాళ్లు "పచ్చటిదే కావాలి" అని పట్టుబడితే?

మీ వంటింట్లోనే పోటీ పెట్టండి

ఈసారి రెండు కొట్ల నుంచి చెరో పావుకిలో బెల్లం తెచ్చి, ఏది ఎక్కడిదో చెప్పకుండా ఇంట్లోవాళ్ల చేత పరీక్ష చేయించండి.

వాసన: ముక్క విరిచి చూడండి. చెరకు పాకం కమ్మదనం రావాలి. ఘాటుగా ముక్కుకు తగిలితే పక్కన పెట్టండి.

నీళ్లు: గాజు గ్లాసులో వేడి నీళ్లు పోసి కరిగించండి. అడుగున ఇసుక, మట్టి ఎంత దిగిందో తెలుస్తుంది.

రుచి: తీపి నాలుక మీద నిలవాలి. చేదు అనిపిస్తే పాకం మాడి ఉండొచ్చు. ఉప్పదనం ఉంటే చవుడు నేల చెరకు కావచ్చు.

రంగు: దీన్ని ఆఖర్న చూడండి. లేత గోధుమ నుంచి ముదురు గోధుమ దాకా ఏదైనా సహజమే. అలాగని నల్లనిదంతా మంచిదనీ కాదు. మాడినా నల్లబడుతుంది. హైడ్రోస్ కలిపారో లేదో కచ్చితంగా తేల్చేది మాత్రం ప్రయోగశాలే. మరీ పసుపుపచ్చగా మెరిసేదాన్ని అనుమానించడం వరకే మన పని.

చోడవరంలో వెలసిన స్వయంభూ విఘ్నేశ్వరుడికి ఉండ్రాళ్లు పెట్టేటప్పుడు బెల్లం రంగు గురించి ఆయన ఏనాడూ అడగలేదు. అడిగేది మనమే. మనం అడగడం మానేస్తే, గానుగ దగ్గర రైతూ హైడ్రోస్ డబ్బా మూత తీయడం మానేస్తాడు. ఏమంటారు?