ఇంటి గుట్టు.. పేగుకు చేటు

వంశంలో నడిచే పెద్దపేగు జబ్బు దాస్తే పిల్లలకే ముప్పు
సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న బంధువులకు చెప్పడమే తొలి మందు

హోసూరు: 'మొలలప్పా, వేడి చేసింది. మజ్జిగ తాగు, పోతుంది'. మలంలో రక్తం పడిందంటే మన ఇళ్లలో ముందుగా వినబడే మాట ఇదే. చాలామందికి అది నిజంగా మొలలే. కానీ ముప్పై ఏళ్లకే రక్తం పడుతూ, 'మా నాయన కూడా ఇట్లనే కడుపు జబ్బుతో పోయినాడు' అనే మాట కూడా ఆ ఇంట్లో ఉంటే.. రెండూ కలిపి డాక్టరుకు చెప్పాల్సిందే. ఆ రెండో మాట దాచినందుకే ప్రాణం మీదికి రావచ్చు.

లోపల ఏం జరుగుతుంది?

పెద్దపేగు లోపలి గోడపై చిన్న కండ బుడిపెలు పుడతాయి. వీటినే పాలిప్స్ అంటారు. వయసు మీరిన వారిలో ఒకటో రెండో ఉండటం మామూలే. కొన్ని కుటుంబాల్లో మాత్రం పదిహేను, పదహారేళ్లకే మొదలై వందలు, ఒక్కోసారి వేల సంఖ్యలో పుట్టుకొస్తాయి. దీని పేరు ఫెమీలియల్ అడినోమాటస్ పాలిపోసిస్. పొట్టిగా ఎఫ్‌ఏపీ. వందల బుడిపెల్లో ఏదో ఒకటి క్యాన్సర్‌గా మారక మానదు. చికిత్స లేకుంటే సగటున 39 ఏళ్లకే ఆ గండం వస్తుంది.

ఏపీసీ అనే జన్యువులో లోపమే ఇందుకు కారణం. శాస్త్రవేత్తలు 1991లో దీన్ని గుర్తించారు. పేగులోని కణాలు అదుపు తప్పి పెరగకుండా చూడటం ఈ జన్యువు పని. అది చెడితే బ్రేకు లేని బండే.

ఎఫ్‌ఏపీ అరుదు. సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. దీనికన్నా ఎక్కువగా కనిపించేది లించ్ సిండ్రోమ్. ఇందులో బుడిపెలు వందల్లో ఉండవు. ఉన్న కొద్దీ త్వరగా క్యాన్సర్‌గా మారతాయి. ఈ లోపం ఉన్న ఆడవారికి గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువే.

మేనరికం లేదు కదా అంటే..

మేనరికపు పిల్లలకు జబ్బులు వస్తాయని అందరూ విన్నదే. అందుకే 'మేం బయటి సంబంధం చేసుకున్నాం, మాకేం భయం?' అంటుంటారు. ఎఫ్‌ఏపీ, లించ్ విషయంలో ఈ లెక్క చెల్లదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి లోపం ఉన్నా పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఆడ, మగ తేడా లేదు. మ్యూటివైహెచ్ అనే మరో జన్యువు వల్ల వచ్చే పాలిప్స్ జబ్బు వేరు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులూ కలిస్తేనే అది వస్తుంది. మేనరికం ముప్పు పెంచేది ఇక్కడ.

ఇంకో సంగతి. ఎఫ్‌ఏపీ ఉన్నవారిలో సుమారు నలుగురిలో ఒకరికి ఇంట్లో ఎవరికీ లేకున్నా కొత్తగా వస్తుంది. కాబట్టి 'మా వంశంలో లేదు' అని రక్తాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఒకే వంశం.. మూడు రాష్ట్రాలు

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. పెద్దాయన కుప్పంలో పోయాడు. కొడుకు హోసూరు సిప్కాట్‌లో పని. కూతురిని ఆనేకల్‌లో ఇచ్చారు. ముగ్గురి ఆసుపత్రి కాగితాలూ మూడు రాష్ట్రాల్లో, మూడు భాషల్లో ఉంటాయి. ఒక చోట డాక్టరుకు ఇంకో చోటి సంగతి తెలిసే దారి లేదు. తెలిసింది ఇంటివారికే. వారేమో నోరు విప్పరు. 'చెబితే పిల్లకు సంబంధం వస్తుందా?' అన్నదే భయం.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. కానీ దాచడం వల్ల జబ్బు ఆగదు. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి 1924లోనే ఇలాంటి కుటుంబాల కోసం ఒక రిజిస్టరు తెరిచింది. ఒక రోగి దొరికితే అతని తోబుట్టువులు, పిల్లల వివరాలు రాసుకుని వారిని కూడా పరీక్షించడం దీని పద్ధతి. తర్వాత ఎన్నో దేశాలు ఇదే దారి పట్టాయి. రక్తం పడ్డాక వచ్చిన వారిలో చాలామందికి అప్పటికే క్యాన్సర్ ఉండేది. ముందే పిలిచి చూసిన బంధువుల్లో అది చాలా తక్కువ.

పరీక్ష ఎవరికి, ఎప్పుడు?

ముందుగా జబ్బు ఉన్న మనిషికి జన్యు పరీక్ష చేస్తారు. లోపం ఎక్కడుందో దొరికితే బంధువులకు ఆ ఒక్కటి చూస్తే సరిపోతుంది. లోపం లేదని తేలిన బిడ్డకు ఏటా పరీక్షల బెడద ఉండదు. ఆ బిడ్డ సంతానానికీ అటునుంచి రాదు. సంబంధం మాట్లాడేటప్పుడు గుసగుసల కన్నా ఈ కాగితమే మేలు.

ఎఫ్‌ఏపీ లోపం ఉన్న పిల్లలకు 10, 12 ఏళ్ల నుంచే పేగులోకి గొట్టం పంపి కెమెరాతో చూస్తారు. లించ్ అయితే సాధారణంగా 20, 25 ఏళ్ల మధ్య మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేయించుకోవాలి. బుడిపెలు బాగా పెరిగితే పెద్దపేగు తీసేస్తారు. 'జీవితాంతం సంచి కట్టుకోవాలా?' అని చాలామంది జంకుతారు. చిన్నపేగును కిందికి కలిపే ఆపరేషన్లు ఉన్నందున ఎక్కువమందికి ఆ అవసరం రాదు.

ఎక్కడికి వెళ్లాలి?

కృష్ణగిరిలో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. తొలి అడుగు అక్కడ వేయవచ్చు. క్యాన్సర్ చికిత్సకు బెంగళూరులో హోసూరు రోడ్డుపైనే కిద్వాయ్ సంస్థ ఉంది. జన్యు వైద్య విభాగం ఉన్న సీఎంసీ వేలూరులో ఉంది. బీమా కార్డు ఏ రాష్ట్రానిదో, అక్కడ చెల్లుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇంటి ముంగిటకే వైద్యం తెచ్చే తమిళనాడు పథకం 'మక్కళై తేడి మరుత్తువం' 2021 ఆగస్టు 5న మొదలైంది ఈ జిల్లాలోని సామనపల్లిలోనే. బీపీ, షుగరు చూసే సిబ్బంది గడప తొక్కినప్పుడు ఈ మాటా వారి చెవిన వేయండి.

ఈ రాత్రే రాసుకోండి

ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి అడగండి. తాత, అవ్వ, చిన్నాన్న, మేనమామ, మేనత్త.. ఎవరు ఏ జబ్బుతో, ఎన్నేళ్లకు పోయారు? యాభై లోపు పేగు, గర్భసంచి క్యాన్సర్లు ఎవరికైనా వచ్చాయా? అది ఒక తెల్లకాగితం మీద రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకోండి. ఒక నకలు కుప్పం బంధువులకు, ఇంకొకటి ఆనేకల్ ఆడపడుచుకు పంపండి.