తీవ్ర విషాదరోగానికి కెటమిన్ చికిత్స - విషమా? ఔషధమా?

ఇటీవల ఒక తండ్రి తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని మా వైద్యశాలకు వచ్చారు. కుర్రవాడికి రెండేళ్లుగా విషాదరోగం. రెండు రకాల మాత్రలు తగిన మోతాదులో వాడినా గుణం కనిపించలేదు. మానసిక వైద్యులు కెటమిన్ చికిత్స సూచించారట. "అది మత్తుమందట కదండీ! మాకు భయంగా ఉంది. మీరు బ్రాహ్మీఘృతం ఇవ్వండి" అన్నారాయన. నేను ఆ అబ్బాయితో ఒంటరిగా మాట్లాడాను. చనిపోవాలనే తలంపు రోజూ వస్తోందని తలవంచుకుని చెప్పాడు. నేను ఘృతం ఇవ్వలేదు. తండ్రికి విషయం చెప్పి, ఆ పూటే వారిని మానసిక వైద్యుల వద్దకు తిరిగి పంపాను. ఎందుకు పంపానో పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దిగులు వేరు, రోగం వేరు

కష్టం వచ్చినప్పుడు కలిగే దిగులు కొద్దిరోజుల్లో తగ్గుతుంది. ఆసక్తి, ఆకలి, నిద్ర నశించి, తాను ఎందుకూ పనికిరాననే భావం రెండు వారాలకు మించి నిలిస్తే అది రోగం. చరకసంహిత ఎనభై వాతవికారాలలో విషాదాన్ని ఒకటిగా చెప్పింది. రోగాన్ని పెంచేవాటిలో దానికే అగ్రస్థానం ఇచ్చింది. కనుక దీనిని మనోదౌర్బల్యమని తేలికగా తీసిపారేయడం శాస్త్రసమ్మతం కాదు.

కెటమిన్ అంటే ఏమిటి?

1962లో అమెరికాలో పార్క్ డేవిస్ సంస్థ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త దీనిని తయారుచేశారు. 1970లో శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చేందుకు అక్కడ అనుమతి లభించింది. ఇతర మత్తుమందుల వలె ఇది శ్వాసను అంతగా అణచదు. అందుచేత వియత్నాం యుద్ధంలో క్షతగాత్రులకు ఎంతో ఉపకరించింది.

విషాదరోగంలో దీని గుణాన్ని 2000లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. 2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థవారు, ఇతర మందులకు లొంగని రోగులలో 17 మందికి కిలో బరువుకు అర మిల్లీగ్రాము చొప్పున 40 నిమిషాలపాటు నరం ద్వారా ఎక్కించారు. మరునాటికి 71 శాతం మందికి ఉపశమనం కలిగింది. అయితే అది వారంపాటు నిలిచింది 35 శాతం మందిలోనే. వేగం దీని బలం, నిలకడ లేకపోవడం దీని బలహీనత.

సాధారణ మాత్రలు సెరటోనిన్ వంటి వాటిపై పనిచేసి, గుణం చూపడానికి కొన్ని వారాలు తీసుకుంటాయి. కెటమిన్ మెదడులోని గ్లూటమేట్ మార్గంపై పనిచేస్తుంది. సడలిన నాడీకణాల సంబంధాలను తిరిగి చిగురింపజేస్తుందని పరిశోధకుల భావన. ప్రాణాపాయమున్న రోగికి ఆ కొద్దిరోజుల తేడాయే ప్రాణం నిలుపవచ్చు.

దీని మరొక రూపమైన ఎస్‌కెటమిన్‌ను ముక్కులో పిచికారీ చేస్తారు. 2019లో దీనికి అమెరికా అనుమతి లభించింది. అక్కడ కూడా దీనిని ఇంటికి ఇవ్వరు. వైద్యుల ఎదుట తీసుకుని, కనీసం రెండు గంటలు పరిశీలనలో ఉండాలి. మరునాటి వరకు వాహనం నడపరాదు.

విషం, ఔషధం

మా గురుకులంలో గురువుగారు వత్సనాభి ఉంచిన పెట్టెకు తాళం వేసి, చెవిని జంధ్యానికి కట్టుకునేవారు. గోమూత్రంలో శుద్ధిచేసి, మాత్ర తెలిసి ఇస్తే అది ఔషధం. పచ్చిగా తింటే మరణం. కెటమిన్‌దీ అదే తీరు. రక్తపోటు పెరగడం, వికారం, తాను దేహం నుండి వేరైనట్లు తోచడం దీని తక్షణ దోషాలు. వ్యసనంగా చాలాకాలం వాడితే మూత్రాశయం దెబ్బతింటుంది. 2023 అక్టోబరులో అమెరికన్ నటుడు మాథ్యూ పెర్రీ ఇంటివద్ద మరణించినప్పుడు, ప్రధాన కారణం కెటమిన్ తీవ్ర ప్రభావమేనని శవపరీక్షలో తేలింది. మన దేశంలో 2013 నుండి ఇది కఠిన నియంత్రణ గల షెడ్యూల్ ఎక్స్ ఔషధం.

గృహస్థులు గమనించవలసినవి

1. ఇది మొదటి చికిత్స కాదు. కనీసం రెండు మందులు విఫలమైనప్పుడు, లేదా ఆత్మహత్యా భావాలు తీవ్రమైనప్పుడు మానసిక వైద్యులు నిర్ణయిస్తారు.

2. రక్తపోటు, గుండెజబ్బు, గర్భం, మతిభ్రమణ, వ్యసనం వంటివి ఉంటే దాచకుండా చెప్పాలి.

3. వాడుతున్న ఆయుర్వేద మందులను కూడా చెప్పాలి. పాత మాత్రలను సొంతంగా ఆపరాదు.

4. తైలాభ్యంగనం, వేళకు భోజనం, నిద్ర, ఆత్మీయుల మాట చికిత్సకు తోడు మాత్రమే. చికిత్సకు బదులు కావు.

5. చనిపోతానని ఎవరైనా అంటే బెదిరింపు అనుకోకండి. ఒంటరిగా వదలకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రం 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆ అబ్బాయి ఇంకా చికిత్సలోనే ఉన్నాడు. నెల తర్వాత వచ్చి, "అమ్మ కలిపిన పెరుగన్నం రుచి మళ్లీ తెలుస్తోందండీ" అన్నాడు. ఏ వైద్యం వల్లనైతేనేమి, వైద్యుడు కోరేది ఆ మాటే.